ఆ పేరు గలవాళ్ళు ఈ ఇంట్లో లేరు

మా అన్న పెళ్ళి చేసుకుని వచ్చిన రోజు గడపకు అడ్డంగా నిలబడింది నేనే. ఆడపడుచును కాబట్టి ఆ హక్కు నాది. పేర్లు చెప్పించకుండా కొత్త జంటను లోపలికి రానివ్వకూడదు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఎమ్మిగనూరులో మా వీధి వీధంతా మగ్గాలే. ఆ రోజు మాత్రం చుట్టుపక్కల నాలుగిళ్ళ మగ్గాలు ఆపి జనం మా వాకిట్లో చేరారు.

వదిన మా అన్న పేరు చెప్పేసింది, ఏ బెట్టూ చేయకుండా. తర్వాత అన్న ఆమె పేరు చెప్పాడు. చెప్పీచెప్పగానే నేను పకపకా నవ్వాను. నా వెనక వీధి వీధంతా నవ్వింది.

ఆ పేరు ఇక్కడ రాయను. ఒకసారి దాంతో చేయరాని పని చేశాను, మళ్ళీ వాడుకోబుద్ధి కాదు. అది ఒక ఊరి దేవత పేరు, చివర 'అవ్వ' ఉంటుంది. అంతవరకు తెలిస్తే చాలు. వదినది కర్ణాటక సరిహద్దు దగ్గర, హొళగుందకు అవతల ఒక పల్లె. అక్కడ ఇంట్లో, బజారులో, బడిలో అంతా కన్నడమే. అవ్వ అంటే వాళ్ళకు అమ్మ. మాకు అవ్వ అంటే ముసలిది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, మొహాన పసుపు ఇంకా ఆరలేదు, పేరేమో అవ్వ.

"మా ఇంట్లో ఒక అవ్వ సాలదా?" అంది మా అమ్మ, మూలన కూర్చున్న మా నాయనమ్మ వైపు చెయ్యి చూపించి. "ఇంకొక అవ్వను తెచ్చినాడు నా కొడుకు. ఈ పేరుతో పిలిస్తే వీధిలో నవ్వుతారు. రేపటి నుంచి దీనికి వేరే పేరు."

మరునాడు పొద్దున పేరు మార్చేసింది. మా అమ్మమ్మ చనిపోయినాక ఖాళీగా ఉన్న పేరు. చివర శుభ్రంగా 'అమ్మ' ఉన్న తెలుగు పేరు. అన్నను ఎవరూ అడగలేదు. వదినను అసలే అడగలేదు. నాయన లేని ఇల్లు మాది. అమ్మ మాటే మాట.

వదిన ఆ పేరుకు పలకలేదు.

ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ ఉండేది. అమ్మ వంటింట్లోంచి కొత్త పేరుతో కేక వేసేది. రాట్నం ఆగేది కాదు, తల తిరిగేది కాదు. మళ్ళీ కేక. మళ్ళీ అదే. చివరికి అమ్మ వచ్చి ఎదురుగా నిలబడేది.

"సెవుడా నీకు?"

"లేదత్తా. నన్ను పిలిసినారా? ఇంకెవరినో అనుకున్యా."

అంత నెమ్మదిగా అనేది. గొంతు పెంచదు, కన్ను దించదు. ఆ నెమ్మదికే అమ్మకు ఒళ్ళు మండిపోయేది. పేరు పెట్టి పిలవడం మానేసి "ఏయ్", "ఓసేయ్" అనడం మొదలుపెట్టింది. వాటికి వదిన పలికేది. అవమానానికి పలుకుతుంది గానీ మారు పేరుకు పలకదని వీధిలో ఒక ముసలామె అంటే, అమ్మ ఆమెతో కూడా మాటలు మానేసింది.

అన్న మగ్గం గుంటలో కూర్చుని పోగుల మధ్య నాడె విసురుతూ ఉండేవాడు. గుంటలో కూర్చున్న మనిషికి ఇల్లు నడుము ఎత్తు నుంచే కనిపిస్తుంది. అతనికి అంతకంటే పైన జరిగేవి కనబడలేదని నేను సర్దిచెప్పుకునేదాన్ని. నిజానికి బాగానే కనబడేవి.

ఇక నా సంగతి. వదిన మాటల్లో నాకు ఒక ఆట దొరికింది. పాలను హాలు అంటుంది. పత్తిని హత్తి అంటుంది. పామును హావు అంటుంది, పులిని హులి అంటుంది, పండును హణ్ణు అంటుంది. 'ప' ఉన్నచోట 'హ' పెడితే కన్నడం అయిపోతుందని కనిపెట్టినట్టు విర్రవీగాను. బడిలో పిల్లలకు నేర్పాను. వారం తిరిగేసరికి మా వీధి పిల్లలంతా మా ఇంటి ముందు నిలబడి "హప్పు హెట్టు, హెరుగు హొయ్యి" అని అరిచేవాళ్ళు. లోపల రాట్నం ముందు వదిన అన్నీ వింటూ ఉండేది.

అన్నిటికంటే పెద్ద నవ్వు పేరు అనే మాట మీదే. పేరును వాళ్ళు హెసరు అంటారు. పెసలను కూడా హెసరే అంటారట. "నీ హెసరేంది వదినా? పెసరపప్పా?" అని రోజుకు పదిసార్లు అడిగేదాన్ని.

ఒకనాడు ఆమె రాట్నం ఆపింది. నన్ను దగ్గరికి పిలిచింది. కొడుతుందనుకున్నాను.

"పాపా, ఆడితే ఆడినావు గానీ సరిగ్గా ఆడు. పప్పుకు హప్పు అనం, బేళె అంటాం. పిల్లికి హిల్లి అనం, బెక్కు అంటాం. అన్ని 'ప'లూ 'హ' గావు. నీకు గొత్తుండేవి నాలుగు మాటలు, దానికి ఇంత బాయి జేస్తాండావు."

గొత్తు అంటే వాళ్ళ మాటలో తెలియడం, బాయి అంటే నోరు. నా మొహం మాడిపోయింది. ఆమె ఇంకా ఆపలేదు.

"ఇంకొకటి సెప్తా ఇను. మీ ఊరి హెసరు యాడ నుంచి వచ్చిందో గొత్తా? ఎమ్మె అంటే మా మాటలో ఎనుము. ఎనుముల ఊరిలో పుట్టి నన్ను సూసి నవ్వుతావా? ముందు మీ ఊరి హెసరు మార్సుకోండి, ఆమైన నాది మారుద్దురు."

ఇది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళ ఊళ్ళో అలాగే చెప్పుకుంటారట. అయితే ఆ రోజు నుంచి ఊరి పేరు నోటపెట్టినప్పుడల్లా నాకు బర్రె కనబడేది. దానికి కూడా ఆమె మీదే కోపం. అమ్మతో చెప్పాను, కొంత కలిపి చెప్పాను. ఎనుములకు పుట్టినోళ్ళు అందని చెప్పాను. అమ్మ ఆ పూట వదినకు అన్నం పెట్టలేదు. వదిన అడగనూ లేదు. నాకు కడుపు నిండా సంతోషం కలిగింది. సిగ్గుపడాల్సిన విషయమే, కానీ కలిగింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మా ఇంట్లో ఆమెను చదువు రానిదాని కింద లెక్క కట్టేవాళ్ళం. ఆమె కన్నడ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. మా అమ్మ బడి గడప తొక్కలేదు. అన్న ఐదు తప్పాడు. అయినా ఆమెకే చదువు రాదు, ఎందుకంటే ఆ చదువు కన్నడంలో ఉంది. మా గోడ మీది క్యాలెండరును ఆమె నెల తిరక్కుండానే తెలుగులో కూడబలుక్కుని చదివేసింది. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళు, తలకట్టు దగ్గరే తేడా. ఆ సంగతి నేను చూశాను, ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం పోస్టుమాన్ వచ్చాడు. మా వీధికి ఎప్పుడూ ఆయనే వచ్చేవాడు. పెద్దాయన, ఆదోని నుంచి బదిలీ మీద వచ్చిన సాయిబు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ చదివేవాడు. చేతిలో నీలం రంగు ఇన్‌లాండ్ లెటర్. దాని మీద కన్నడంలో రాసిన చిరునామా. ఆయన మా గడప ముందు సైకిలు ఆపి ఆ పేరు పైకి చదివాడు, చివరి అవ్వతో సహా. మా ఇంట్లో ఆ పేరు గట్టిగా వినబడి అప్పటికి తొమ్మిది నెలలు.

వదిన పెరట్లో నూలుకు గంజి పెడుతోంది. అమ్మ వంటింట్లో ఉంది. అన్న ఊళ్ళో లేడు. వాకిట్లో నేనున్నాను.

"ఈ పేరుగల్లామె ఈ ఇల్లేనా బిడ్డా?" అన్నాడు పోస్టుమాన్.

"ఆ పేరుతో మా ఇంట్లో ఎవురూ లేరు" అన్నాను.

"కొత్త కోడలు ఉండాది గదా?"

"ఉండాది. మా వదిన పేరు అది గాదు." కొత్త పేరు చెప్పాను. అమ్మ పెట్టిన పేరు, తడుముకోకుండా.

ఆయన జాబును ఇటూ అటూ తిప్పి చూశాడు. "ఇంట్లో పెద్దోళ్ళు ఉంటే పిలువు" అన్నాడు. నేను లోపలికి తల తిప్పి, "అమ్మా, ఈ పేరుగల్లోళ్ళు మనింట్లో ఉండారా?" అని కేకేశాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ విన్నది, అది మాత్రం నాకు ఖాయంగా తెలుసు. బదులు రాలేదు. గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది.

"లేరంట" అన్నాను.

ఆయన జేబులోంచి పెన్ను తీసి జాబు మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. నేను అబద్ధం చెప్పలేదని నాకు నేనే చెప్పుకున్నాను. మా ఇంటి కట్టుబాటు ప్రకారం ఆ పేరుతో ఎవరూ లేరు కదా. ఆ సాయంత్రానికల్లా ఆ సంగతి మరిచిపోయాను కూడా.

పన్నెండు రోజుల తర్వాత వదిన అన్న వచ్చాడు. పల్లె నుంచి ఆదోనికి, ఆదోని నుంచి మా ఊరికి రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. గడప బయటే నిలబడ్డాడు, తల గొరిగించుకుని ఉన్నాడు. కాళ్ళకు నీళ్ళిస్తే తీసుకోలేదు. వదిన పరుగున వచ్చింది. వాళ్ళు కన్నడంలోనే మాట్లాడుకున్నారు. అయినా నాకు ప్రతి మాటా అర్థమైంది. నెలల తరబడి ఎగతాళి చేస్తూ చేస్తూ నేను ఆ భాష నేర్చుకున్నానని నాకే అప్పుడు తెలిసింది.

వాళ్ళ అవ్వకు, అంటే అమ్మకు, జబ్బు చేసిందని, చూడాలని ఉందంటోందని, వెంటనే రమ్మని జాబు రాశాడట. వారం రోజులు ఆమె తలుపు వైపే చూసిందట. బస్సు వచ్చే వేళకు తనను లేపి కూర్చోబెట్టమనేదట. పోయి ఐదు రోజులైందట.

"జాబు రాసినా రాని కూతురు ఎందుకని ఊరంతా అంటాండారు. నేను గూడా అన్యా" అన్నాడు. ఆ మాట మాత్రం మా అందరికీ తెలియాలని తెలుగులో అన్నాడు.

"ఏ జాబు?" అంది వదిన.

ఆమె ఏడవలేదు. ఒక చీర మూట కట్టుకుని తన అన్న వెంట వెళ్ళిపోయింది. మా అన్న బస్టాండు దాకా వెనకే నడిచాడు. నేను మగ్గం గుంటలో దాక్కున్నాను. అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని ఒక్కటే మాట అంది.

"నువ్వేం సెప్పలేదు. నీకేం తెలీదు. ఇన్యావా?"

నెల దాటాక వదిన తిరిగి వచ్చింది. ఒక్కతే వచ్చింది. రాట్నం ముందు కూర్చుంది గానీ నూలు ముట్టుకోలేదు. మూటలోంచి నీలం జాబు తీసింది. వాళ్ళు కర్మలు చేస్తుండగా అది వాళ్ళ ఊరికి తిరిగి చేరిందట. దాని వెనక పోస్టుమాన్ తెలుగులో రాసిన మాటలను ఆమె వేలు పెట్టి, ఒక్కో అక్షరం తలకట్టు దగ్గర ఆగి ఆగి పైకి చదివింది.

"ఈ పేరు గలవారు లేరని ఇంటివారు తెలిపినారు. వాపసు."

చదవడం అయ్యాక మా ముగ్గురినీ చూసింది. "ఇంటివారు అంటే ఎవరు?"

నేను నోరు తెరిచాను. తెరిచానని నాకు గుర్తు. మాట వచ్చే లోపల అమ్మ ముందుకొచ్చింది.

"నేనే సెప్పినా. అయితే ఏంది? ఆ పేరుతో ఈ ఇంట్లో ఎవురుండారు?"

అన్న నాడె కింద పెట్టాడు. వదిన గుంట వైపు తిరిగింది.

"నువ్వు సెప్పు. నా హెసరేంది?"

అన్న తల దించుకున్నాడు. పక్కింటి మగ్గం టకటకలు మాకు వినబడుతున్నాయి. తర్వాత తల ఎత్తి ఆ పేరు పలికాడు. సగం మింగి పలికాడు. వదిన మళ్ళీ అడిగింది. ఈసారి పూర్తిగా పలికాడు, అవ్వతో సహా.

"ఇంకొక హెసరుతో నన్ను ఎవరు పిలిసినా ఇంగ నేను ఈ ఇంట్లో ఉండను. నువ్వు గూడా ఉండవు" అంది. అప్పుడు రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి అత్తా కోడళ్ళు మాట్లాడుకోలేదు. ఒకే పొయ్యి మీద ఇద్దరూ వండారు, ఒకే కుండలో నీళ్ళు తాగారు, మాట మాత్రం లేదు. అమ్మకు ఏమైనా కావాలంటే గోడతో చెప్పేది. వదినకు కొడుకు పుట్టాడు. వాడికి కన్నడమే నేర్పింది. వాడు తల్లిని అవ్వా అని పిలిచినప్పుడల్లా అమ్మ లేచి పెరట్లోకి పోయేది. వాడు నాయనమ్మ అనే మాట అనకుండానే పెరిగాడు. అమ్మ కూడా వాడిని ఎత్తుకోవాలని చేతులు చాచిన రోజు నాకు గుర్తులేదు. ఇంత విషం ఒక్క మనిషిలో ఉంటుందా అని వీధిలో అనుకునేవాళ్ళు. కొందరు అత్తను అనేవాళ్ళు, కొందరు కోడలిని. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. మంచి పిల్ల, చదువుకుంటోంది అనేవాళ్ళు.

నేను చదువుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, ఆదోనిలో కాపురం పెట్టాను. అక్కడ పత్తి మార్కెట్టు రోజుల్లో పల్లెల నుంచి వచ్చిన రైతులు హత్తి, హణ్ణు అని మాట్లాడుకుంటూ మా ఇంటి ముందు నుంచే పోతుండేవాళ్ళు. నేను తలుపు వేసుకునేదాన్ని. మా ఆయన నాకు కన్నడం వాళ్ళంటే గిట్టదనుకున్నాడు. అనుకోనిచ్చాను.

ఎనభైల్లో అమ్మ పోయింది. పోయేముందు నోట్లో నీళ్ళు పోసింది వదినే. మాట లేకుండానే పోసింది, అమ్మ మాట లేకుండానే తాగింది. నా తప్పును అమ్మ పదేళ్ళకు పైగా తన నెత్తిన మోసింది. ఒక్క రోజు కూడా నాకు గుర్తు చేయలేదు. ఆమె మంచితనమో, కోడలి మీద పగో నేను తేల్చుకోలేకపోయాను. రెండూ అయ్యుండచ్చు.

పెద్దకర్మ అయిన మరునాడు వదిన పెరట్లో గిన్నెలు తోముతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"వదినా, ఆ జాబు వచ్చినప్పుడు లేరని సెప్పింది అమ్మ గాదు. నేను."

ఆమె చేతిలో గిన్నె ఆగలేదు.

"గొత్తు" అంది.

"ఎట్ల?"

"పోస్టు సాయిబును అడిగినా. తిరిగి వచ్చిన వారమే. చిన్న పాప సెప్పింది అన్యాడు."

నేను అడిగాను. "తెలిసీ ఇన్నేళ్ళు అమ్మతో మాట్లాడలేదా? ఆమె ఏం సేసింది?"

అప్పుడు గిన్నె పక్కన పెట్టింది. చేతికి బూడిద, నుదుట చెమట. నా మొహంలోకి నేరుగా చూసింది.

"నీకు పన్నెండేండ్లు. నువ్వు అన్యావు. నీకు అట్ల అనేది నేర్పినామె ఎవరు? నువ్వు లోపలికి కేక ఏసినావంట గదా. ఇని గూడా పలకని ఆమె ఎవరు?" మళ్ళీ గిన్నె అందుకుంటూ అంది. "నీతో గూడా నేను మాట్లాడింది యాడ? వచ్చినప్పుడు అన్నం పెట్టినా, పోయేటప్పుడు కుంకుమ పెట్టినా. అది మాట్లాడేదా? నువ్వు గుర్తు పట్టలేదంతే."

నిజమే. ఇన్నేళ్ళలో ఆమె నాతో పట్టుమని పది మాటలు కూడా మాట్లాడలేదు. ఆమె నోరు తెరవదు, ఆమె గుణమే అంత అనుకుంటూ వచ్చాను.

"నన్ను క్షమించు వదినా."

"ఎందుకు? నీకు నిమ్మళంగా ఉండాలనా?" అంది. గొంతులో కోపం కూడా లేదు. "మా అవ్వ బస్సు వేళకు లేసి కూర్చునేదంట. దాన్ని నేను యాడ పెట్టుకోవాల? నీకు ఇయ్యనీకి నా దగ్గర ఏం లేదు పాపా."

తోమిన గిన్నెలు బోర్లించి లేచింది. చేతులు కడుక్కుంటూ, లోపలికి పోబోతూ, నా వైపు చూడకుండానే అంది.

"నాలుగింటికి ఆదోని బస్సు ఉండాది. అది పోతే మళ్ళా రాత్రికే."

నేను ఆ బస్సుకే వెళ్ళిపోయాను.